కొమురెల్లి ఊదని సురం

…కాదు రుక్కవ్వా, అది కొట్టెయ్యి. ‘తప్పు జరిగింది’ అని రాయకు. తప్పు దానంతట అది జరుగదు బిడ్డా, ఎవరో ఒకరు చేస్తెనే అయితది. ‘తప్పు చేసిన’ అని రాయి. చేసింది నేను, నీ తాత కట్టయ్య. రాసినవా? నేను నిమ్మళంగ చెప్త, నువ్వు నిమ్మళంగ రాయి. చెప్పింది చెప్పినట్టే రాయాలె. మీ పంతులు నేర్పినట్టు సాపు చెయ్యకు.

లింగాల ఘనపూర్ల పెండ్లికాడ చెడ్డ సురం ఊది మా మేళాన్ని ముంచింది నా తమ్ముడు కొమురెల్లి అని జనగామ చుట్టుపక్కల ఏ ఊర్ల అడిగినా చెప్తరు. పద్నాలుగేండ్ల సంది అదే మాట. వాడు సచ్చిపోయి కూడ ఏడాది కావొస్తున్నది, మాట మాత్రం సావలేదు. ఆ సురం వాడు ఊదలేదు. నేను ఊదిన. ఊదిననని ఎవరికీ చెప్పలేదు. ఇదీ సంగతి. మిగిలింది ఎట్ల జరిగిందో చెప్త.

మాది జనగామల ఎనిమిది మంది మేళం. మా నాయిన కాలంల డప్పు. నాయినే ఎట్లనో తిప్పలు పడి రెండు ఇత్తడి బాకాలు, ఒక క్లార్నెట్ తెచ్చిండు. క్లార్నెట్ కొమురెల్లికి వచ్చింది. వాడు నాకంటె పదిహేనేండ్లు చిన్నోడు. వేళ్లు సన్నగ ఆడపిల్ల వేళ్ల లెక్క ఉండె. నాకేమో భుజానికి తగిలించుకునే పెద్ద బాకా వచ్చింది. దాని పని ఏంది? డోలు ఎంబడి బొంయ్ బొంయ్ అనుడే. పోరగాండ్లు చింతకాయ నాకుకుంట నా ముంగట నిలబడేటోళ్లు. నాకు నోట్ల నీళ్లూరి బాకా బుడబుడ అనేది, వాళ్లు నవ్వేటోళ్లు. మేళంల నా ఇజ్జత్ గంతే. నేను ఒక్కదినం రాకపోయినా పెండ్లోళ్లకు ఎర్కయ్యేది కాదు.

అరవై ఏడుల మానుకోటల ఒక రైల్వే ఆయన బిడ్డ పెండ్లికి పోయినం. ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నరు గదా, అదే. అక్కడ రైలు గార్డు ఒకాయన కుర్చీల కూసొని కొమురెల్లి దిక్కే చూస్తున్నడు. తెల్లగ లేడు, నల్లగ లేడు, ఆంగ్లో ఇండియన్ అంటరట. ఇంట్ల ఇంగ్లీషు, బయట ఉర్దూ. మేము గార్డు సాబ్ అనేటోళ్లం. పెండ్లి అయినంక కొమురెల్లిని, నన్ను, డోలు కొట్టే మంగ్యాను వాళ్ల క్వార్టర్‌కు తోల్కపోయి చాయ పోయించిండు. మంగ్యాది అక్కడ్నే పక్క తండ.

“మీ మేళంల అందరు ఒకే పాట ఎందుకు ఊదుతరు?” అని అడిగిండు గార్డు సాబ్.

“ఒకే పెండ్లికి పిలిచిండ్రు గదా సాబ్,” అన్నడు కొమురెల్లి.

“తలా ఒకటి ఊదాలె. పైన ఒకటి, కింద ఒకటి. రెండూ కలిసి ఉండాలె.”

మంగ్యా పకపక నవ్విండు. “తలా ఒకటి ఊదితె దాన్ని మా తండల పంచాయితి అంటరు సాబ్.”

గార్డు సాబ్ కూడ నవ్విండు. నవ్వి, గోడకున్న గిటార్ తీసిండు. బొటనవేలుతోని కింది తీగ మీద ఒక లావు సురం మోగించుకుంట, మిగిలిన వేళ్లతోని పైన ఇంకేందో వాయించిండు. రుక్కవ్వా, అది ఎట్లున్నదంటె… జర ఆగు. ఎట్ల చెప్పాలె. ఏడుపు కాదు. ఏడ్చి ఏడ్చి మొకం కడుక్కొని పనికి పోయే మనిషి నడిస్తె ఎట్లుంటది, అట్లున్నది.

దాని పేరు బ్లూస్ అన్నడు. జాజ్ అని ఒక తీరు మేళం ఉన్నదట, ఆ మేళపోళ్లు ఊదుతరట. సముద్రం అవతల పత్తి చేన్లల్ల కూలి చేసిన నల్లోళ్ల కాడ పుట్టిందట. “పత్తి ఏరేటోళ్లకు పాటలు కట్టే తీరిక ఎక్కడిది సాబ్, మా అవ్వకు చెమట తుడుసుకునే తీరికే లేకుండె,” అన్నడు కొమురెల్లి. మాకు ఆ పేరు నోరు తిరుగలేదు. మేము దాన్ని గార్డు పాట అన్నం.

మాకు ముగ్గురికీ చదువు లేదు. ఆయన కాగితం మీద గీసి చూపెడితె ఆయన మొకం చూసినం. ఇగ లాభం లేదని రైలు స్టేషన్లు పెట్టి నేర్పిండు. నాలుగు డోలు దెబ్బలకు ఒక గడి. గసొంటి గళ్లు పన్నెండు. కింది సురానికి ఒక్కోదానికి ఒక్కో స్టేషన్ పేరు. మొదలు నాలుగు గళ్లు జనగామల ఉండాలె. తర్వాత రెండు కాజీపేటల. మళ్ల వచ్చి రెండు జనగామల. ఆ తర్వాత మానుకోటల ఒక్క గడి, డోర్నకల్ల ఒక్క గడి. అక్కడ ఆగరాదు, మనసు గుంజుతది. అక్కడ్నించి సక్కగ ఇంటికి, జనగామకు. రెండు గళ్లు. మళ్ల మొదటికి.

ఆ స్టేషన్లు నావి. నా పెద్ద బాకావి.

“మరి నేను ఊదే పాటేది సాబ్?” అని అడిగిండు కొమురెల్లి.

“పాట ఇంతే, చిన్న ముక్క. ఒకసారి ఊదు. తర్వాత నీ ఇష్టం. పోయిన చుట్టుల ఊదింది ఈ చుట్టుల ఊదకు. బండి ఏ స్టేషన్ల ఉన్నదో అది మాత్రం మతికుంచుకో.”

“నడుమల తప్పిపోతె?”

“మీ అన్న కిందనే ఉంటడు. ఆయన్ని విను. ఆయన ఎక్కడుంటె నువ్వు అక్కడికి పో.”

ఇంతకుముందు నా గురించి ఎవరూ గసొంటి మాట చెప్పలేదు. నలభై ఆరేండ్లొచ్చినయి నాకు.

ఎనిమిది నెలలు, మానుకోట దిక్కు పెండ్లి పడ్డప్పుడల్ల గార్డు సాబ్ ఇంటికి పోయినం. ఆ పాటల మూడో సురాన్ని మామూలు కంటె అర మెట్టు దించాలె. కొమురెల్లి దాన్ని దించి, ఇంకింత పెదవితోని వంచేటోడు. అటు కాదు ఇటు కాదు, నడిమిట్ల నిలబెట్టేటోడు. గార్డు సాబ్ కండ్లు మూసుకొని, “ఇది నేను నేర్పలేదు,” అనేటోడు.

ఒకదినం నాకు ఇంకో ముచ్చట చెప్పిండు. జాగ్రత్తగ రాయి, ఇదే అసలు ముచ్చట.

కొమురెల్లిని పైనుంచి దిగే సురాలు ఊదమన్నడు. నన్ను కింద జనగామ పట్టమన్నడు. విన్నం. అవే ఏడుపు సురాలు. తర్వాత, “కట్టయ్యా, ఇప్పుడు కింద ఆలేరు పట్టు,” అన్నడు. ఆలేరంటె జనగామ నుంచి పట్నం దిక్కు పోతె వచ్చే స్టేషన్ గదా, ఆ సురానికి ఆ పేరు పెట్టిండు. కొమురెల్లి ఏమీ మార్చలేదు. అవే సురాలు, అదే వరుస. నేను కింద ఒక్క సురం మార్చిన. అంతే బిడ్డా, ఏడ్చేది నవ్వింది. పెండ్లి పాట లెక్క అయింది. మంగ్యా డోలు మీది చెయ్యి తీసి, “ఏం మంత్రమిది!” అన్నడు.

“పైన ఊదేటోనికి పేరొస్తది,” అన్నడు గార్డు సాబ్ నాతోని. “ఏడిపించుడు, నవ్విచ్చుడు కింద ఊదేటోని చేతుల ఉంటది. నీ చేతుల.”

ఆ మాట ఆయన చెప్పకుంటె మంచిగుండు.

అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని లొల్లి. బళ్లు బంద్, బస్సులు బంద్. పెండ్లిండ్లు లేవు, ఉన్నా మేళాలు లేవు. గార్డు సాబ్‌కు ఎటో బదిలీ అయింది. మళ్ల కనపడలేదు.

లింగాల ఘనపూర్ల ఒక భూములున్న ఇల్లు ఉండె. ఆ ఇంటి పెద్దమనిషి ఎప్పుడో పోయిండు. ఆయన భార్య కమలాదేవమ్మ, మరిది ప్రభాకర్ దొర ఇల్లు నడిపేటోళ్లు. ఆమె కొడుకు శ్రీపాల్ పట్నంల కాలేజీ చదివేటోడు. ఊరేగింపుల ఉండంగ తూటా తగిలి సచ్చిపోయిండు. ఇరవై ఏండ్లు నిండలే. లారీల శవం వచ్చింది.

శ్రీపాల్ దోస్తులు మమ్మల్ని పిలువొచ్చిండ్రు. డప్పు వద్దు, సినిమా పాట వద్దు, మంచిగ సాగనంపాలె అన్నరు. ఏం ఊదాలె? పాడె లేసింది, జనం కదిలిండ్రు, మాకు ఏ పాటా తోస్తలేదు. కొమురెల్లి నా దిక్కు చూసిండు. “అన్నా, జనగామ,” అన్నడు.

నేను పట్టిన.

ఇంటి కాడ్నించి కాష్టం పేర్చిన చెలక దాకా కోసెడు దూరం. పన్నెండు గళ్లు తిరిగి తిరిగి ఊదినం. కొమురెల్లి ఒక్క చుట్టు ఊదింది ఇంకో చుట్టు ఊదలేదు. ఒకసారి పిల్లగాడు బడి ఎగ్గొట్టి ఉరికినట్టు ఊదిండు. ఒకసారి తల్లి అన్నం తినమని పిలిచినట్టు ఊదిండు. చదువుకున్న పోరగాండ్లు నడుచుకుంటనే చేతులల్ల మొకం దాసుకున్నరు. ఆడోళ్లు ఊరు దాటి రావద్దు గదా, కమలాదేవమ్మ ఊరి చివర ఆగిపోయింది. మేము పోతనే ఉన్నం.

మా నాయిన ఒక కట్టడి పెట్టిండు. పాడె ఎంబడి పోయిన పాట పందిట్లకు రావద్దు. ఆ పాట ఇగ సచ్చినోనిదే. అందరు మేళపోళ్లూ పాటిస్తరు. అందుకే చావు పాటలు వేరే ఉంటయి, పెండ్లి పాటలు వేరే ఉంటయి. మేము చేసిందేంది? మాకున్న ఒక్క మంచి పాటను పాడె ఎంబడి పంపినం. ఆ పొద్దు ఎవరికీ సోయి లేదు. చెలక కాడ్నించి వాపసు వస్తుంటె మంగ్యా అన్నడు, “ఇగ గార్డు పాట అయిపోయింది గదా కట్టయ్యన్నా.” అప్పుడు తెలిసింది.

మూడేండ్లు దాన్ని ముట్టలేదు. పెండ్లిండ్లు మళ్ల మొదలైనయి. నేను మళ్ల బొంయ్ బొంయ్. చింతకాయలు, పోరగాండ్లు. కొమురెల్లికి ఏమో, వాడు ఏ పాటలనన్నా ఇంత తన సొంతం కలుపుకునేటోడు. నాకు ఏమున్నది? ఒక్కసారి మనిషిగ నిలబడ్డ పాట పోయింది. పనికి పోతుంటె కాళ్ల కింద లెక్క పెట్టుకునేటోన్ని. నాలుగు జనగామ, రెండు కాజీపేట. మీ నాయినమ్మ అనేది, “ఏందయ్యా, టికెట్లు కోస్తున్నవా?” అని.

డెబ్బై రెండుల కమలాదేవమ్మ కబురు పంపింది. బిడ్డ మనోరమ పెండ్లి. నేను, కొమురెల్లి పోయినం. ఆమె అర్రల కూసొని ఉన్నది. మనిషి సగమైంది.

“నా కొడుకును సాగనంపింది మీరే. నా బిడ్డను కూడ మీరే సాగనంపాలె. వేరే మేళం వద్దన్న,” అన్నది.

కొమురెల్లి దండం పెట్టిండు.

ఆమె నా దిక్కు తిరిగింది. “కట్టయ్యా, ఆ దినం ఊరి చివర నిలబడ్డ. మీరు పోతుంటె పోతుంటె సన్న సురం కరిగిపోయింది. నీ లావు సురం ఒక్కటే మిగిలింది. శానసేపు వినపడ్డది. ఇప్పటికి కూడ పండుకుంటె చెవుల అదే మోగుతది. అది మాత్రం ఊదకు నాయినా.”

“ఊదనమ్మా,” అన్న.

రుక్కవ్వా, ఆమె కొమురెల్లికి చెప్పలేదు. నాకు చెప్పింది. ఆమె చెవుల ఉన్నది నేనే అని చెప్పింది. నేను భయపడాలె గదా? బయటికొచ్చి నడుస్తుంటె నాకు లోపల ఏమైందో తెలుసా? కుశాలైంది. ఒక్కరన్నా నా సురం గుర్తుపెట్టుకున్నరని. తూ. రాయి, అది కూడ రాయి.

పెండ్లి దినం. పొద్దు బారెడెక్కింది. పిల్లగానోళ్లు ఎడ్లబండ్లల్ల, ఒక జీపుల వచ్చి ఊరి ముంగట దిగిండ్రు. ఎదురుకోళ్లు. పిల్లోళ్ల మనుషులం ఇటు, పిల్లగానోళ్లు అటు. నడుమ బుక్కా గులాలు. కమలాదేవమ్మ మూడేండ్లకు మొదటిసారి గడప దాటి వచ్చింది. మంచి చీర కట్టుకున్నది. చేతుల గులాల పళ్లెం.

మేము ఒక ఉషారు పాట ఊదుతున్నం. నా కింది సురం ఆలేరు. పాటంత దాదాపు అక్కడ్నే నిలబడితె చాలు. పిల్లగానోళ్ల దిక్కు ఒక ముసలాయన, “క్లార్నెట్ పిల్లగా, ఇంకో చుట్టు! నీ చేతులు బంగారం గాను!” అని కేకేసిండు. కొమురెల్లికి ఊపొచ్చింది. పాట విడిచి సొంతానికి పోయిండు. పైకి పోయిండు, గిరగిర తిరిగిండు, జనం ఓహో అన్నరు. పైనుంచి దిగుడు మొదలుపెట్టిండు.

అవే సురాలు. గార్డు సాబ్ ఇంట్ల ఊదినవే. వానికి భయం లేదు. ఎందుకంటె కింద ఆలేరున్నది. అవి నవ్వే సురాలుగనే ఉంటయి. నా దిక్కు చూసి కన్నుబొమ్మ ఎగరేసిండు. చూసినవా అన్నా, అని. మనిద్దరికే తెలిసిన ముచ్చట, అని.

నేను ఉన్నకాడ ఉంటె చాలు.

పద్నాలుగేండ్లు నాకు నేను అనుకున్న, పెదవి జారిందని. ఎండ కొట్టిందని. పొద్దటి కల్లు దిగలేదని. ఏదీ కాదు. నాకు సోయి ఉన్నది. ఆమె మాట మతికున్నది. ఆమె పళ్లెం కనపడుతున్నది. తెలిసి తెలిసే జనగామ పట్టిన. ఒక్క గడి పట్టుదమనుకున్న. ఒక్క గడి ఊది మళ్ల ఆలేరు పోతె ఎవరికి తెలుస్తది అనుకున్న.

ఆ సురం పడంగనే ఏమైంది? కొమురెల్లి నన్ను విన్నడు. వానికి నేర్పింది అదే గదా, అన్న ఎక్కడుంటె అక్కడికి పో అని. ఆలోచించలే. ఊపుల ఉన్నోడు ఆలోచిస్తడా? వాని మూడో సురం దిగింది. పెదవితోని వంచిండు. గార్డు పాట మొత్తం వచ్చేసింది. మూడేండ్లు బిగబట్టిన ఊపిరి విడిచినట్టున్నది బిడ్డా. రెండో గడి. మూడో గడి. ఇగ ఆగలేదు, నాతోని కాలేదు. నాలుగో గడి. మంగ్యా డోలు ఆపేసిండు. మేము ఇద్దరం ఆపలేదు. నేను కాజీపేటకు పోయిన, వాడు నా ఎంబడే వచ్చిండు.

పళ్లెం కింద పడ్డది.

“శ్రీపాలూ!” అని కమలాదేవమ్మ మొత్తుకున్న మొత్తుకోలు నేను చెప్పలేను. ఆ గులాల్ల, ఆ మట్టిల ఆమె కూలవడ్డది. ఆడోళ్లు శోకం ఎత్తుకున్నరు. మనోరమమ్మ పెండ్లి బట్టలతోని ఇంట్లకెల్లి ఉరికొచ్చింది. పిల్లగానోళ్లు ఎడ్లను మర్లకట్టబోయిండ్రు.

ప్రభాకర్ దొర మా మీదికొచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి.

“ఎవడురా? చావు పాట ఊదినోడు ఎవడు?”

మేళంల పాట ఎవరు ఊదుతరు? క్లార్నెట్. అందరి కండ్లు కొమురెల్లి దిక్కే పోయినయి. కింద బొంయ్ అనేటోని దిక్కు ఎవరు చూస్తరు? కొమురెల్లి నా దిక్కు చూసిండు. కోపంగ కాదు. అడిగినట్టు చూసిండు. నేను బాకా మూతి దిక్కు చూసుకుంట నిలబడ్డ.

వాడు దొర దిక్కు తిరిగిండు. “నేనే దొరా, నీ బాంచెన్,” అన్నడు.

దొర మనుషులు మీద పడ్డరు. ఒకడు ఆ క్లార్నెట్‌నే వాని నోట్లకు నూకిండు. వెనుకకెల్లి ఇంకోడు తల పట్టుకున్నడు. పైన ముంగటి పండ్లు నాలుగు పోయినయి. నేను ఇద్దరు మనుషుల దూరంల ఉన్న. ‘ఊదింది నేను’ అంటె అయిపోవు. నాలుక మీదికి వచ్చింది కూడ. మింగిన.

పెండ్లి అయితె అయింది, మేళం లేకుంట. కమలాదేవమ్మ అర్రల్నించి బయటికి రాలేదట. మూడేండ్లకు పోయింది. ఏ సురం ఎవరిదో ఆమెకు తెలుసు. ఎందుకు చెప్పలేదో నాకు తెలువదు. చెప్పేటంత పానం లేకుండెనేమో.

జనగామ దవాఖానల కొమురెల్లికి ఊగుతున్న పండ్లు ఇంకో రెండు పీకిండ్రు. క్లార్నెట్ ఊదాలంటె పైపండ్లు దాని మూతి మీద ఆనాలె. పండ్లు లేకుంటె గాలి పక్కలకెల్లి పోతది. వాడు గుడ్డ చుట్టి చూసిండు, మైనం పెట్టి చూసిండు. చిగుళ్లు పగిలి రక్తం కారేది. పిట్ట పిల్ల లెక్క కీచుమనేది. ఒకదినం మీ నాయినమ్మ పొయ్యి కాడ కూసొని, “వదినా, ఇది పొయ్యిలకు పనికొస్తదా?” అని అడిగిండు. ఆమె ఏడ్చుకుంట దాన్ని అటుక మీద పెట్టింది.

మా మేళాన్ని మళ్ల ఏ పందిరీ పిలువలే. మంగ్యా తండకు పోయిండు. తక్కినోళ్లు తలా ఒక దిక్కు పోయిండ్రు.

నాకు ఏమైంది? విను. నెల అయినంక ప్రభాకర్ దొర నన్ను పిలిపించిండు. “తమ్ముడు చేసిన పనికి నువ్వు ఏం చేస్తవ్ కట్టయ్యా, నువ్వు బుద్ధిమంతునివి,” అన్నడు. తెలిసినోళ్ల రైసుమిల్లుల కావలి పని ఇప్పిచ్చిండు. నేను పోయి చేరిన. ఆ పని మీదనే మీ నాయిన చదివిండు, కొలువు దొరికింది. నువ్వు పెన్ను పట్టుకున్నవు. తల దించుకోకు బిడ్డా, నీ తప్పు లేదు. రాయి.

కొమురెల్లి పెండ్లాం యాదమ్మను తీసుకొని భూపాలపల్లి అడివికి పోయిండు. వెదురు కొట్టే పని. వెదుర్లు కొట్టి మోపులు కట్టి లారీకి మోసుడు. ఆ అడివిల వానికి చలిజ్వరం పట్టుకున్నది, పట్టుకున్నది విడువలే.

డెబ్బై ఎనిమిదిల నేను ఒక్కసారి పోయిన. పరకాల దాకా బస్సు, అక్కడ్నించి ఇంకో బస్సు, తర్వాత నడక. గుడిసె ముంగట కూసొని కత్తి నూరుతున్నడు. నలభై రెండేండ్లకే ముసలోడైండు. బుగ్గలు లోపలికి పోయినయి. యాదమ్మ నాకు కాళ్లకు నీళ్లిచ్చి, మొగని దిక్కు చూపిచ్చి అన్నది, “చూసినవా బావా, ఈయన చేసుకున్న నిర్వాకం. పెండ్లి కాడ చావు పాట ఊదేటోడు లోకంల ఉంటడా?” ఇంత పుల్ల దెచ్చి పొయ్యిల పెట్టినంత తేలికగ అన్నది. రోజూ అనే మాటనే అది. వాడు నవ్విండు. కత్తి నూరుకుంటనే ఉన్నడు.

ఆమె నీళ్లకు పోయింది. మేమిద్దరమే ఉన్నం. నేను ఏదో చెప్పబోయిన. వాడు చెప్పనియ్యలే.

“అన్నా, ఒకటి అడుగుత. నిజం చెప్పు,” అన్నడు. “అప్పుడు నీకు మంచిగ అనిపించిందా?”

“ఆ,” అన్న.

కత్తి ఆపిండు. అడివి దిక్కు చూసిండు. “నాకు కూడ అనిపించింది,” అన్నడు. “అందుకే దొరతోని ‘నేనే’ అన్న.”

అంతే. దాని గురించి మళ్ల మాట్లాడలే. యాదమ్మకు చెప్పురా అని నేను అనలే. నేనే చెప్త అని కూడ అనలే. మక్కగటుక తిని మళ్ల బస్సుకు నడిచిన. వాడు చెరువు కట్ట దాకా తోడొచ్చిండు. మళ్ల వాన్ని బతికుండంగ చూడలే.

పోయిన కార్తీకంల కబురొచ్చింది. నేను పోయేటాళ్లకు గుడిసె ముంగట పండబెట్టిండ్రు. నోట్ల ముంగటి పండ్లు లేని మొకం, దవడకు గుడ్డ కట్టినా నోరు నిలుస్తలేదు. అక్కడ మేళం లేదు, డప్పు లేదు. నలుగురు కూలోళ్లు. యాదమ్మ తల కాడ కూసొని శోకం పెడుతున్నది. ఆ శోకంల కూడ అదే మాట. “నీ నోరే నిన్ను తిన్నది రాజా, నీ ఊదుడే మనల ముంచింది రాజా. మీ అన్న చెప్పంగ ఇనకపోతివి…” నన్ను చూసి నా కాళ్ల మీద పడ్డది. “బావా, నువ్వు ఎంత చెప్పి ఉంటవు, ఈయన ఇన్నడా?”

అందరు నా దిక్కు చూస్తున్నరు బిడ్డా. నేను తల ఊపిన. విననే లేదు, అన్నట్టు ఊపిన. పెండ్లికాడ మాట్లాడకపోవుడు ఒకటి. పీనుగ ముంగట తల ఊపుడు ఇంకోటి. మొదటిదానికి భయమని చెప్పుకోవచ్చు. రెండోదానికి ఏం పేరు పెట్టాలె? నువ్వు చదువుకున్నవు, నీకు తెలిస్తె రాయి. తెలువకుంటె ఖాళీ వదిలిపెట్టు.

ఆమె ఇప్పుడు మొగుళ్లపల్లిల, వాళ్ల తమ్ముని ఇంట్ల ఉంటున్నది. ఇంకా అదే చెప్తదట నీళ్ల కాడ, కోతల కాడ. మంచి చెప్పినోడని నన్ను దీవిస్తదట కూడ.

ఇదంత చెప్పినందుకు ఏమీ మారదు. వాని పండ్లు రావు, వాడు రాడు. ఆమె ఇన్నేండ్లు తిట్టింది తిట్టిందే, ఇది విన్నంక ఆ తిట్లన్నీ ఆమె మీదికే మర్లుతయి. వినకుంటెనే ఆమెకు నిమ్మళమేమో. నేను ఏడాది ఇదే ఆలోచించిన. ఏమైనా సరె, సచ్చినోడు ఊదనిది ఊదిండని ఆమె అంటుంటె నాకు బువ్వ దిగుతలేదు.

ఐతారం మీ అమ్మ మొగుళ్లపల్లికి పోతున్నది గదా, నువ్వు ఎంబడి పో. నేను రాను. కాళ్లు లేక కాదు, మొకం లేక. యాదమ్మకు చదువు రాదు, నువ్వే చదివి వినిపియ్యి. ఆమెకు ఎడమ చెవు వినపడదు, కుడి దిక్కు కూసో. నడుమల లేచి పోతె పోనియ్యి, వచ్చి కూసున్నంక మళ్ల అక్కడ్నించే అందుకో. నన్ను తిడితె అడ్డం పడకు. వాళ్ల తమ్ముడు, వాడకట్టోళ్లు, ఎవరుంటె వాళ్ల ముంగట్నే చదువు బిడ్డా, గట్టిగ చదువు. ఒక్క ముక్క కూడ విడిచిపెట్టకు.